గుడ్డ కప్పిన టేప్‌రికార్డరు

లైనక్స్‌లో ఒక పాట మోగించడానికి ఒకప్పుడు ఎన్ని తిప్పలు పడ్డామో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి. వాళ్లకి పెట్టె తెరవగానే శబ్దం వస్తుంది. మాకు పెట్టె తెరిచాకే అసలు పని మొదలయ్యేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. కాశీబుగ్గలో ఒక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. కింద జీడిపప్పు దుకాణం, మేడమీద మేము. జీడిపిక్కలు కాల్చే పొగ వాసన కిటికీలోంచి వస్తూనే ఉండేది. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకునేవారు, కొన్నాళ్లకి వాళ్లకీ తెలిసేది కాదు. అక్కడున్న కంప్యూటర్లలో ఒక్కదానికీ సౌండ్ కార్డు లేదు. మా ఓనరు కావాలనే పెట్టించలేదు. పెడితే కుర్రాళ్లు పాఠం మానేసి సినిమా పాటలు వింటారని ఆయన భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

నా సొంత కంప్యూటరు ఒకటి మూల బల్ల మీద ఉండేది. అందులో విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్లో దొరికిన సౌండ్ కార్డు బిగించాను. కంప్యూటరులో ఉన్న పాటని స్పీకరుకి పంపేదీ, బయటి శబ్దాన్ని లోపలికి తీసుకునేదీ ఆ కార్డే. నా దాంట్లో విండోస్ లేదు. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి లైనక్స్ ఎక్కించుకున్నాను. ఊరంతా దొంగ విండోస్ వాడుతుంటే నేనొక్కణ్ణీ మడి కట్టుకున్నట్టు తిరిగేవాణ్ణి. ఆ మడికి తగ్గ శాస్తి కూడా జరిగింది. బిగించిన దగ్గర్నుంచీ కార్డు ఒక్క ముక్క పలకలేదు.

“విండోస్ ఎక్కించీవయ్యా, దెబ్బకి పలుకుతాది,” అని ఓనరు అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి అనేవాడు. ఆయన అన్నకొద్దీ నాకు పంతం పెరిగేది. పైగా నాకు పాటల పిచ్చి లేదు. మూగదైతే మూగదే అని ఊరుకున్నాను.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం మా మేనత్త మెట్లెక్కి వచ్చింది. మా నాన్న చెల్లెలు. వజ్రపుకొత్తూరు అవతల, సముద్రానికి దగ్గర్లో వాళ్ల ఊరు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పాత చీరలో చుట్టిన టేప్‌రికార్డరు ఎత్తుకుని ఉంది. బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకోమని కండక్టరు అంటే ఒప్పుకోలేదట. దారంతా ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది.

“ఏటత్తా ఇది?” అన్నాను.

“మీ మావ గొంతురా అల్లుడా. దీన్ని నీ కంప్యూటర్ల ఎక్కించాల.”

మావ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఉద్దానం అనే మా తోటల ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో దూరిన కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆయన కొబ్బరికాయల వ్యాపారం చేసేవాడు, ఆదివారం వాళ్ల ఊరి ప్రార్థన మందిరంలో పాటలకి ముందు నిలబడేవాడు. మైకు లేకుండానే ఆయన గొంతు తోటల్లోకి వినబడేది. పాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకునే అలవాటు. అది వినగానే మందిరంలో మాటలు ఆగిపోయేవి. టెక్కలి చర్చి సంఘంవాళ్లు పెద్ద ప్రార్థన కూడికలకి ప్రత్యేకంగా పిలిపించుకునేవారు.

జబ్బు చేశాక ఆ గొంతు పోయింది. ఆయాసం. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగాలి. ఆఖర్లో పక్కన చెవి పెడితే గాని వినబడేది కాదు. ఆయన కూతురికి ఊహ తెలిసేసరికే ఆయన మంచం మీద ఉన్నాడు. అత్త బాధంతా అక్కడుంది.

“గుంటకి ఆళ్ల నాన అంటే గుసగుసలేరా. అసలు గొంతు దానికి తెల్దు. ఏడాది కూడిక్కి గుంట ఆ గొంతు ఇనాల. ఇదొక్కటే ఉంది మరి.”

ఆ ఒక్కటీ ఒక క్యాసెట్టు. గుంట, అదే ఆ కూతురు, చంటిపిల్లగా ఉన్నప్పుడు, మావ తను కట్టిన పాటని ఇంట్లో కూర్చుని అదే టేప్‌రికార్డరులో రికార్డు చేసుకున్నాడు. ఆ పాట ఇంకెక్కడా లేదు. సముద్రపు గాలికి టేపు అంటుకుపోవడం మొదలైంది. ఒకసారి మిషను దాన్ని నమిలింది కూడా. మడత పడిన చోటు అత్త వేలితో సాపు చేసి తెచ్చింది.

అంతకు కొన్ని నెలల ముందే ఆమె పక్కనున్న పలాసలో క్యాసెట్లు కాపీ చేసే కొట్టుకి వెళ్లింది. వాళ్ల మిషన్లో పెడితే దుప్పటి కింద నుంచి పాడుతున్నట్టు వచ్చిందట. టేప్‌రికార్డరు లోపల టేపుని చదివే ముక్క ఒకటుంటుంది. అది కొద్దిగా వంకరగా ఉన్న మిషన్లో రికార్డు చేస్తే, మళ్లీ ఆ వంకర మిషన్లోనే సరిగ్గా పలుకుతుంది. ఆ సంగతి కొట్టువాడే చెప్పి, దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకోండి, ఈలోగా టేపు అంటుకుపోకుండా నెలకోసారి తిప్పుతుండండి అని పంపించాడు. అందుకే అత్త క్యాసెట్టుతో పాటు టేప్‌రికార్డరు కూడా మోసుకొచ్చింది.

కొట్టువాడు పాట వేసినంతసేపూ తను రోడ్డవతల నిలబడిందని కూడా చెప్పింది. ఎందుకని అడిగాను.

“మా అత్త ఒట్టు ఏయించుకున్నాది. ఏడాది తిరిగేదాకా పెట్టెలో పాట ఇనకూడదని.”

వాళ్లది ఏనాడో బాప్టిస్టు మిషన్లో కలిసిన కుటుంబం. అయినా చావింటి పట్టింపులు కొన్ని అలాగే ఉండిపోయాయి. ఏడాది లోపు ఇంట్లో రేడియో మోగకూడదు, టేపు మోగకూడదు. మరి ప్రార్థనలో పాటలు పాడతారు కదా అని నేనోసారి మావ తల్లిని, ఆ ముసలమ్మనే అడిగాను. “నోటితో పాడితే పార్దన. పెట్టెలో మోగితే సరదా,” అంది. కొడుకు పోయిన మనిషితో ఏం వాదిస్తాం?

అత్త కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉంటానంది. గుంటని ముసలమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఊరంతా విండోస్ కంప్యూటర్లున్నాయి. నాకు అందుబాటులో సౌండ్ కార్డున్నది మాత్రం నా మూగ లైనక్స్ పెట్టె ఒక్కటి.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టాను. మొదట చూడాల్సింది, కార్డు ఉన్నట్టు అసలు కంప్యూటరుకి తెలుసా అని. తెలియదు. కార్డుని నడిపే డ్రైవరు ఎక్కించబోతే, దారి ఖాళీ లేదని తిప్పి కొట్టింది. పాత కార్డులకి ఒక్కోదానికి ఒక్కో నంబరు దారి ఉండాలి. ఫోను తీగతో నెట్‌కి కలిపే నా మోడెం ఆ నంబరు ముందే పుచ్చుకుని కూర్చుంది. ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెట్టినట్టయింది. మోడెం పీకి పక్కన పడేశాను. డ్రైవరు నోరు మూసుకుని లోపలికి వెళ్లింది.

నేను గెలిచేశాననుకున్నాను. పాట వేశాను. ప్రోగ్రాం నడుస్తోంది, తెర మీద నిమిషాలూ సెకన్లూ కదులుతున్నాయి. స్పీకర్లు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉన్నాయి.

తప్పని చెబితే ఏదో ఒకటి వెతుక్కోవచ్చు. ఏ తప్పూ లేదంటూ శబ్దం రాకపోతే మనిషికి పిచ్చెక్కుతుంది. మామూలు పేరుతో లాగిన్ అయినవాడికి కార్డుని ముట్టుకునే అనుమతి లేదేమోనని అది ఇచ్చాను. స్పీకర్లు మార్చాను. కార్డు తీసి, దాని లోహపు కాళ్లు రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాను. మధ్యలో కరెంటు పోయేది. వచ్చాక మొదట్నుంచీ మళ్లీ. ఓనరు ఏమీ అనకుండా చూసి వెళ్లిపోయేవాడు. అనకపోవడం అన్నదానికంటే ఎక్కువ మండేది.

అత్త రోజూ మధ్యాహ్నం టేప్‌రికార్డరు ఎత్తుకుని వచ్చేది. దాన్ని నా బల్ల పక్కన స్టూలు మీద పెట్టి, తను ఇంకో స్టూలు మీద కూర్చునేది. దాని మీద తను అల్లిన దారపు గుడ్డ ఒకటి ఎప్పుడూ కప్పే ఉండేది. క్యాసెట్టు పెట్టాలన్నా, మీట నొక్కాలన్నా తనే. ఆ గుడ్డ ముందు అంచు కాస్త ఎత్తి నొక్కేది. నన్ను వేలు పెట్టనిచ్చేది కాదు. నేనూ పెట్టబోలేదు. తిట్టాల్సింది నా కంప్యూటర్ని కదా అని నా ధ్యాసంతా అటే ఉంది.

ఆఖరికి నెట్ సెంటరుకి వెళ్లి లైనక్స్ వాడేవాళ్ల మెయిలింగ్ లిస్టులో నా కష్టమంతా రాశాను. కార్డు పుట్టుపూర్వోత్తరాలు, నేను చేసినవి, చెయ్యనివి, అన్నీ. మర్నాడు వెళ్లి చూస్తే ఎవరో దేశం కాని దేశం నుంచి ఒకే ఒక్క ముక్క రాశాడు. మ్యూట్ తీశావా?

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను పాఠాలు చెప్పే మనిషిని. నన్ను పట్టుకుని వాల్యూం పెంచావా అని అడుగుతాడా? ఆ కోపంతోనే ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, వాడి మొహాన కొట్టడానికని శబ్దాల మట్టం సరిచూసే ప్రోగ్రాం తెరిచాను. వరసగా నిలువు కడ్డీలు కనబడ్డాయి. అన్నీ పైదాకా నిండే ఉన్నాయి. కానీ ప్రతి కడ్డీ కింద ఎమ్ ఎమ్ అని రెండు చిన్న అక్షరాలున్నాయి. మ్యూట్ అని దాని అర్థం. ఆ రోజుల్లో లైనక్స్‌లో కొత్త డ్రైవరు ఎక్కితే శబ్దాలన్నీ మూసేసి ఉంచేది. పెట్టగానే స్పీకర్లు అదిరిపోకుండా అట. నోరు నొక్కేసి, నొక్కేశానని చెప్పకుండా ఊరుకోవడం దాని మర్యాద.

ఒక్కో కడ్డీ దగ్గరికీ వెళ్లి మీట నొక్కాను. ఎమ్ ఎమ్ పోయింది. చేతికి దొరికిన ఫైలు ఒకటి తిన్నగా కార్డులోకి తోశాను. అది పాట కాదు, ఏదో పాఠం ఫైలు. స్పీకర్లలోంచి ఘర్రుమని పిండిమర మోత వచ్చింది. పక్క గదిలో క్లాసు గొల్లుమంది. ఓనరు పరిగెత్తుకొచ్చాడు.

“ఏటైంది? కాలిపోనాదేటి?”

“పలికింది,” అన్నాను. నా జీవితంలో అంత చెత్త శబ్దం విని అంత సంతోషపడింది మళ్లీ లేదు. అత్త కూడా లేచి నిలబడింది. నవ్విందో, ఏడ్చిందో, కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇక ఆలస్యం దేనికి? టేప్‌రికార్డరు వెనకనున్న ఇయర్‌ఫోను రంధ్రంలో తీగ ఒక కొస పెట్టాను, కార్డు లోపలికి తీసుకునే రంధ్రంలో రెండో కొస పెట్టాను. తీగ పెడితే టేప్‌రికార్డరు సొంత స్పీకరు ఆగిపోతుంది. పాట బయటికి వినబడదు, తీగలోంచి కంప్యూటర్లోకి పోతుంది. అత్త ఒట్టుకి కూడా ఇబ్బంది లేదు. మావ క్యాసెట్టు తొందరపడి వెయ్యకూడదని, పరీక్షకి ఓనరు దగ్గర ఏదో పాటల క్యాసెట్టు తీసుకున్నాం. అత్త గుడ్డ అంచు ఎత్తి దాన్ని పెట్టింది, మీట నొక్కింది. చక్రాలు తిరిగాయి.

రికార్డయ్యే పాట తెర మీద కొండలూ లోయలుగా కనబడాలి. నాకు ఒక సాపు గీత కనబడింది.

లోపలికి తీసుకునే కడ్డీ ఎంచుకున్నానో లేదో చూశాను. ఎంచుకున్నాను. దాని మ్యూట్ కూడా తీసే ఉంది. తీగ మీద అనుమానం వచ్చింది. టీవీలు బాగుచేసే షాపులో ఇంకోటి కొనుక్కొచ్చాను. సాపు గీత. రంధ్రం మార్చాను. సాపు గీత. అప్పటికి నేను కంప్యూటర్ని బయటికే తిడుతున్నాను. మళ్లీ ఏదో కొత్త మ్యూట్ ఎక్కడో దాచిపెట్టి ఉంటుందని నా నమ్మకం. ఒకసారి దొంగ అనిపించుకున్నవాణ్ణే మళ్లీ మళ్లీ తన్నినట్టు, నేను దాన్నే పట్టుకుని వదల్లేదు.

అత్త నావైపు చూడ్డం మానేసి టేప్‌రికార్డరు వైపు చూస్తోంది. అటు చూస్తూనే అడిగింది.

“ఒరే అల్లుడా. తిప్పితే అరిగిపోద్దేటిరా?”

“ఏది?”

“గొంతు. నాను తిప్పినాను గదా, ఇన్నాళ్లూ. అరిగిపోనాదేటి?”

ఆ ప్రశ్న విన్నాక నా కోపం దిగిపోయింది. పరీక్షకి పెట్టింది ఓనరు క్యాసెట్టు, మావది కాదని ఆమెకి తెలుసు. అయినా ఆ భయం. తను కాపాడుతున్నాననుకుంటూ చేతులారా చెరిపేశానేమోనన్న భయం. లేదత్తా, అలా అరగదు అన్నాను గాని, తెర మీద గీత చూస్తూ అంటే నా మాటకి బలం చాలలేదు. నాకూ భయం వేసింది. ఒకవేళ మిషనే పోయి ఉంటే? ఆ వంకర మిషను పోతే మావ గొంతు పోయినట్టే.

కోపం దిగాకే బుర్ర పనిచేసింది. తప్పు ఎటువైపుందో తెలియనప్పుడు దారిని మధ్యకి విరిచి చూడాలి. విద్యార్థులకి నేను రోజూ చెప్పే పాఠమే. టేప్‌రికార్డరు నుంచి తీగ కొస పీకి, ఆ కొసని వేలితో ముట్టుకున్నాను. స్పీకర్లలో బుర్రుమంది. గీత మీద గడ్డి మొలిచినట్టు చిన్న చిన్న ముళ్లు లేచాయి. మనిషి ఒంట్లోంచి వచ్చే పిచ్చి శబ్దం అది. మళ్లీ ముట్టుకున్నాను, మళ్లీ బుర్రుమంది. అంటే తీగ బాగుంది, కార్డు బాగుంది, లైనక్స్ బాగుంది. నా వేలు వినబడుతోంది గాని టేప్‌రికార్డరు వినబడ్డం లేదు.

“అత్తా, ఒక్కపాలి ఆ గుడ్డ తియ్యి.”

“దేనికి?”

“తియ్యత్తా.”

తీసింది. పక్కనున్న వాల్యూం గుండీ చూశాను. సున్నా దగ్గర ఉంది. సున్నాకి ఆనించి, ఇంక తిరగనంతగా బిగించి ఉంది. ఇయర్‌ఫోను తీగలోకి వెళ్లే పాట కూడా ఆ గుండీ దాటే వెళ్లాలి. గుండీ మూస్తే తీగలో గాలి కూడా రాదు.

“ఇది ఎవులు తగ్గించీసినారు?”

“నానే,” అంది అత్త, అదేం ప్రశ్న అన్నట్టు. “కొట్టోడు తిప్పమన్నాడు. మా అత్త మోగించొద్దన్నాది. రెండూ జరగాల గదా. మొత్తం తగ్గించీసి, మీట నొక్కీసి కూకునేదాన్ని. పాట అయిపోయిందాకా సక్రాలు తిరిగీవి. సూసీదాన్ని.”

నెలకోసారి ఒక మనిషి, గదిలో తలుపు వేసుకుని, చప్పుడు లేని టేప్‌రికార్డరు ముందు కూర్చుని, తిరిగే చక్రాలని చూసింది. పాట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో ఆమెకి చక్రాల మీది టేపు మందాన్ని బట్టి తెలుసు. “ఇక్కడ రెండో సరణం ఒస్తాది,” అని తర్వాత నాకే వేలు పెట్టి చూపించింది. గుండీ సున్నాలో ఉండటం ఆమెకి తప్పుగా ఎందుకు కనబడుతుంది? ఆమె లెక్కలో అది ఉండాల్సిన చోటే ఉంది. నా లైనక్స్ నోరు నొక్కుకుని కూర్చున్నదీ మర్యాద కోసమే, ఆమె నోరు నొక్కిందీ మర్యాద కోసమే. ఇద్దరూ నాకు చెప్పలేదు, అంతే.

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. అత్త ముందు తెల్లబోయి, తర్వాత తనూ నవ్వింది. మావ పోయాక ఆమె నవ్వగా చూడ్డం అదే మొదలు.

ఇప్పుడు గుండీ తిప్పాలి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. “మోగిపోద్దేమోరా. ఏడాది ఇంకా కానేదు.”

నేను కంప్యూటరు స్పీకర్ల కరెంటు తీసేసి, వాటి తీగలు పీకి ఆమె చేతిలో పెట్టాను. టేప్‌రికార్డరులో ఇయర్‌ఫోను తీగ ఎలాగూ ఉంది. ఇంక ఎటునుంచీ శబ్దం వచ్చే దారి లేదని ఆమెకి నమ్మకం కుదిరాక, గుండీ తనే సగం దాకా తిప్పింది. ఓనరు క్యాసెట్టు తీసి మావ క్యాసెట్టు పెట్టింది. మీట నొక్కింది.

సాపు గీత ఒక్కసారిగా లేచింది.

మేమిద్దరం మావ పాటని అలా చూశాం, వినలేదు. కొండలు, లోయలు, మళ్లీ కొండలు. అత్త చక్రాల వంకా తెర వంకా మార్చి మార్చి చూసింది. మడత పడిన చోటు వచ్చినప్పుడు ఇద్దరం తెర దగ్గరికి వంగాం. గీత కాస్త సన్నబడి మళ్లీ లేచింది. కరెంటు పోలేదు. ఆ రోజు పలాస కరెంటు ఆఫీసు మీద నాకు ఎక్కడలేని గౌరవం కలిగింది.

పాట అయ్యాక అత్త బయట మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. నేను ఇయర్‌ఫోను పెట్టుకుని ఒక్కణ్ణే విన్నాను. మావే. ముందు మీట నొక్కిన టక్కుమనే చప్పుడు, గొంతు సవరింపు, ఏవో ఇంటి మాటలు, చంటిపిల్ల ఏడుపు, ఆ తర్వాత పాట. ఆ ముందున్నదంతా కత్తిరించి పాట ఒక్కటీ శుభ్రంగా సీడీలో మొదటి ట్రాకుగా రాయించాను. కూడికలో పదిమంది ముందు వేసేది కదా. కానీ అసలుది పారెయ్యడం నాకు చేత కాదు. ఏ పని చేసినా మొదటి కాపీ ఉంచుకునే అలవాటు. కత్తిరించనిది రెండో ట్రాకుగా రాయించాను.

“ఎలాగుందిరా గొంతు?” అంది అత్త, నేను బయటికి వచ్చాక.

“మావ గొంతే అత్తా.”

“ఇంకేటీ సెప్పకు,” అంది.

జ్ఞాపకార్థ కూడిక వాళ్ల ఇంటి ముందే జరిగింది. కొబ్బరాకుల పందిరి వేశారు. టెక్కలి నుంచి పాస్టరుగారు వచ్చారు. మైక్‌సెట్టు అబ్బాయి సీడీ ప్లేయరు తెచ్చాడు. ఆయన బైబిలు వాక్యం చెప్పడం అయ్యాక మొదటి ట్రాకు వేశాం. పాట మొదలవగానే పందిట్లో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మావతో కలిసి పాడినవాళ్లు ఆయనతో పాటు అందుకున్నారు. ముసలమ్మ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. అత్త మాత్రం పాట వినడం లేదు, కూతురి ముఖం చూస్తోంది.

గుంట బుద్ధిగా చేతులు కట్టుకుని పాటంతా వింది. అయిపోయాక తల్లి కొంగు లాగి మామూలు గొంతుతో అడిగింది.

“ఎవులమ్మా ఈ పాట పాడినోలు?”

అత్త లేచి వంటల దగ్గరికి వెళ్లిపోయింది. అంత కష్టపడి తెచ్చిన గొంతు. ఆ పిల్లకి అది ఎవరో పరాయి మనిషి గొంతు. మీ నాన్నే అని చెబితే సరే అంటుంది. చెబితే నమ్మాల్సి రావడమే అత్తకి తట్టుకోలేని సంగతి.

భోజనాలయ్యాయి, జనం పల్చబడ్డారు. మైక్‌సెట్టు అబ్బాయి వైర్లు చుట్టుకుంటానన్నాడు. కాస్త ఆగమని, గుంటని పిలిచి ప్లేయరు దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఇంకో ట్రాకుంది, విను అన్నాను. సౌండు బాగా తగ్గించి వేశాను.

టక్కుమని మీట చప్పుడు. తర్వాత మావ గొంతు సవరించుకున్నాడు. ఒకసారి. రెండోసారి.

గుంట నావైపు చూడలేదు, ఇంట్లో వాళ్ల నాన్న మంచం ఉండే వైపు చూసింది.

“నాన,” అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. జబ్బులో గొంతంతా పోయింది గాని ఆ అలవాటు పోలేదు. ఆఖరి రోజుల్లో కూడా ఒక్క మాట అనడానికి ముందు ఆయన అలాగే రెండుసార్లు సవరించుకునేవాడు. ఆ పిల్లకి నాన్న అంటే అదే.

టేపులో చంటిపిల్ల ఏడుపు అందుకుంది. మావ నవ్వుతూ అన్నాడు, నిండు గొంతుతో, ఆయాసం లేకుండా. “ఉండు తల్లీ, ఏడవకు. నాన ఇక్కడే ఉన్నాడు గదా. ఈ పాట పాడీసి ఎత్తుకుంతాను.”

“ఆ ఏడిసేది ఎవులు బావా?”

“నువ్వే.”

పాట మొదలైంది. పొద్దున విన్న పాటే. ఈసారి ఆ పిల్ల స్పీకరు డబ్బాకి చెవి ఆనించి వింటోంది. ఎప్పుడొచ్చిందో, అత్త గుమ్మంలో నిలబడి ఉంది, చేతికి ఇంకా పప్పు అంటుకుని ఉంది. లోపల గోడ దగ్గర నుంచి ముసలమ్మ గొంతు వినబడింది.

“ఒలే కోడలా. అంత సిన్నగ ఎట్టినారేటే? నాకు ఇనపడ్డం నేదు. పెంచు.”

అత్త చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చి, గుండీ చివరిదాకా తిప్పింది.